కరిగిన కండ

ఫోర్ట్‌వర్త్ పోటీల నుంచి తిరిగొచ్చిన లోర్నా ప్రూయిట్ బూట్లకు అంటిన దుమ్మైనా దులుపుకోకుండా నేరుగా గుర్రపుశాలలోకి నడిచింది. చివరి గది ముందు ఆగింది. ఆగిన మనిషి ఆగినట్టే ఉండిపోయింది.

టాన్సీ రెండేళ్ళ ఆడ గుర్రప్పిల్ల. వారం కిందట ఆమె పోటీలకు బయలుదేరినప్పుడు దాని వెన్ను ఎంత నిండుగా ఉందంటే, మధ్యలో నీళ్ళు పోస్తే కాలవలా పారేవి. ఇప్పుడు వెన్నెముక పొడుచుకొచ్చింది. దానికి అటూ ఇటూ తోలు, దండెం మీద ఆరేసిన తడి దుప్పటిలా వేలాడుతోంది. తుంటి దగ్గర గుంటలు పడ్డాయి. నోరు మాత్రం ఆడుతూనే ఉంది, గడ్డి నములుతోంది.

లోపల యుసేబియో ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఆ గుర్రపుశాల మొత్తానికి అతనే దిక్కు. అరచేతులతో పిల్ల వెన్నుకి రెండు పక్కలా మెల్లగా మాలీషు చేస్తున్నాడు. పిల్ల గడ్డం అతని భుజం మీద ఆనించి నిలబడింది.

"ఏంటిది?" అంది లోర్నా.

"అదే చూస్తున్నానండీ పట్రోనా. తింటోంది. తింటూనే కరిగిపోతోంది." యజమానురాలిని అతను పట్రోనా అనే పిలుస్తాడు.

"తింటూ కరిగిపోయే గుర్రాన్ని నీ జన్మలో ఎక్కడైనా చూశావా?"

"లేదండి."

"నేనూ చూళ్ళేదు. ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"కొట్టం అంటుకుంటే తప్ప ఫోన్ చెయ్యొద్దన్నారు కదండీ, పోటీలప్పుడు."

అన్న మాటే. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది. లోర్నాది నోరు కాదు, కొరడా. ఆ సంగతి మా జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. మనసు చెడ్డది కాదు పాపం. కానీ దెబ్బ తిన్నవాడికి మనసుతో పనేముంది?

ఇంకోటి కూడా చెప్పాలి. మా పక్క గుర్రం చిక్కితే గుర్రాన్నెవరూ ఏమీ అనరు, దాన్ని చూసేవాణ్ణి అంటారు. డాక్టరు వంక చూడకముందే పనివాడి మొహం వంక చూస్తారు. గుర్రం వెన్ను చూసి మనిషిని తూకం వెయ్యడం మాకు తాతల నాటి నుంచి అలవాటు. లోర్నాకి ఆ అలవాటు ఉగ్గుపాలతో పట్టింది.

"ఆదివారం ఎక్కడున్నావు?" అని అడిగింది హఠాత్తుగా. ఎందుకు అడిగిందో ఆమెకే తెలీదు. చీకట్లో రాయి విసిరింది, అది తగిలింది.

యుసేబియో చేతులు ఆగిపోయాయి.

"మనవరాలి జ్ఞానస్నానమండి. పొద్దున్నే దాణా పెట్టి, నీళ్ళు నింపి, గడ్డి వేసి వెళ్ళాను. చీకటి పడేసరికి వచ్చేశాను."

"అంటే పగలంతా కొట్టంలో ఎవరూ లేరు."

"లేరండి."

"నీళ్ళ తొట్టి ఖాళీ అయినా, గడ్డి అయిపోయినా చూసే దిక్కు లేదు. నువ్వు అక్కడ వేటమాంసం తింటున్నావు, ఈ పిల్ల ఇక్కడ ఎండిపోయింది."

"పట్రోనా, ఒక్క పూటకి గుర్రం ఇలా అవుతుందా అండీ?"

"ఒక్క పూటే అని నాకేం నమ్మకం? నేను లేనప్పుడు ఏం జరిగిందో ఎవరు చూశారు? ఇన్నేళ్ళు నిన్ను నమ్మినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. నీ సామాను తీసుకో. నువ్వు గుర్రాల్ని మాడ్చేవాడివి."

యుసేబియో టాన్సీ గడ్డం కింద చెయ్యి పెట్టి, దాని తలను తన భుజం మీద నుంచి మెల్లగా దించాడు. "అమ్మడూ, వస్తా" అన్నాడు. కుంచెనూ దువ్వెననూ కడిగి, ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాడు. టోపీ పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని, ఎండలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. గేటు దాటాక కూడా వెనక్కి తిరిగి గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చూసుకుని మరీ వెళ్ళాడు.

ఆ సాయంత్రం లోర్నా దాణా కొట్టుకు వెళ్ళింది. అక్కడ డబ్ మేహాల్ కాఫీ తాగుతున్నాడు. పక్కనున్న గుర్రాల రాంచ్ అతనిదే. కబురు చేరవెయ్యడంలో ఆ మనిషికి గాలి కూడా సాటిరాదు.

"ఏంటి లోర్నా, మొహం అలా ఉంది? పోటీల్లో ఓడిపోయావా?"

"పోటీ కాదు. ఇంట్లో ఓడిపోయాను. యుసేబియో నా పిల్లని మాడ్చేశాడు."

"యుసేబియోనా?" అన్నాడు డబ్. కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "నువ్వు కళ్ళారా చూశావా?"

"వెన్ను చూశాను, చాలదా?"

డబ్ తల ఊపాడు. "వెన్ను అబద్ధం చెప్పదు" అన్నాడు. మా జిల్లాలో ఆ మాట అన్నాక ఇంక వాదన ఉండదు.

మర్నాడు డాక్టర్ రూత్ హెంకే వచ్చింది. ఈ ఇద్దరూ ఒకే బడిలో చదివారు, ఒకే కుర్రాడి కోసం కొట్టుకున్నారు. చివరికి ఇద్దరికీ వాడు దక్కలేదు. అందుకని రూత్ ఆమె దగ్గర నోరు దాచుకోదు.

గదిలోకి వెళ్ళి, పిల్ల మెడ దగ్గర మొదలుపెట్టి తోక వరకు వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చింది. వెన్ను పక్కన నొక్కినప్పుడు టాన్సీ ఒళ్ళు జలదరించింది. పక్కటెముకల మీద చెయ్యి ఆనించి తడిమింది.

"తింటోందా?"

"లాక్కుని తింటోంది. ఇన్నాళ్ళు పెట్టకపోతే తినదా మరి?"

"ఏమే లోర్నా, దీని పక్కటెముకలు చూపించు."

లోర్నా చూసింది. పక్కటెముకలు కనబడలేదు. పొట్ట పక్కన పిల్ల ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

"ఆకలికి మాడిన గుర్రానికి ముందు కొవ్వు పోతుంది. ఎముకలన్నీ లెక్కపెట్టేలా బయటికొస్తాయి, మెడ పుల్లలా అవుతుంది. దీనికి కొవ్వు ఎక్కడిదక్కడే ఉంది. పోయింది కండ. అదీ వెన్ను మీదా, తుంటి మీదా. ఇంత వయసొచ్చాక నీకు ఆ మాత్రం కనబడలేదా?"

"చూశాను."

"వెన్ను చూశావు. గుర్రాన్ని చూళ్ళేదు" అంది రూత్. తరవాత చటుక్కున అడిగింది: "ఈమధ్య జ్వరం గాని, సూది గాని?"

"డబ్ వాళ్ళ గుర్రాలకి గొంతుగడ్డల రోగం వచ్చిందని, నేను వెళ్ళే ముందు అన్నిటికీ టీకా వేశాను."

"ఎవరు వేశారు?"

"నేనే."

రూత్ గోడకి ఆనుకుంది. చేతి తొడుగులు తీసి జేబులో కుక్కుకుంది.

"టీకా మంచిదే. నువ్వు చేసిన తప్పేం లేదు దాంట్లో. విను. కండ లోపల సన్నటి దారాలుంటాయి. వాటిలో మయోసిన్ అని ఒకటి, లాగేది అదే, వదిలేది అదే. గుర్రం పరిగెత్తినా మన గుండె కొట్టుకున్నా ఆ జాతి దారాల పుణ్యమే. దాన్ని ఎలా అల్లాలో చెప్పే జన్యువు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మన ఈ జాతి గుర్రాల్లో కొన్నిటికి ఆ అల్లికలో ఒక్క ముడి తేడాగా పడుతుంది. చాలావాటికి జీవితమంతా ఏమీ కాదు. కానీ జ్వరమో, గొంతు రోగమో, టీకానో వచ్చి ఒంట్లో కాపలావాళ్ళని నిద్రలేపిందనుకో, వాళ్ళు తికమకపడి సొంత కండనే శత్రువు అనుకుంటారు. ఇంట్లోవాణ్ణే దొంగ అనుకుని చావబాదినట్టు. రెండు మూడు రోజుల్లో వెన్ను వెన్నంతా తినేస్తారు."

లోర్నా పిల్ల వెన్ను మీద చెయ్యి వేసింది.

"యుసేబియో ఏడీ?" అని అడిగింది రూత్. "రాత్రిపూట దీన్ని తిప్పి పడుకోబెట్టాల్సి రావచ్చు, అతనైతే బాగుంటుంది."

"పంపేశాను."

రూత్ ఆమె వంక చూసింది. తిడుతుందనుకుంది లోర్నా. తిడితే బాగుండును కూడా అనుకుంది.

"నా తమ్ముడు వాల్టర్ గుర్తున్నాడా?" అంది రూత్. "బాస్కెట్‌బాల్ ఆడుతూ పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. వాడి గుండె కండ మందమెక్కిపోయింది. వాడిదీ మయోసినే, గుండెలో ఉండే రకం. మా నాన్న వైపు నుంచి వచ్చింది. అది మాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. అప్పటిదాకా మా అమ్మ కోచ్‌ని తిడుతూనే ఉంది, పిల్లాణ్ణి ఎండలో పరిగెత్తించి చంపాడని. పాపం ఆయన ఊరొదిలి పోయాడు."

"తరవాత?"

"తరవాతేముంది? ఆయన ఎక్కడున్నాడో మాకెవరికీ తెలీదు."

కండను తినే కాపలావాళ్ళను జోకొట్టే మందు సూదిలోకి ఎక్కించి రూత్ పిల్ల మెడకి ఇచ్చింది. తరవాత జూలు వేలికి చుట్టుకుని, కుదుళ్ళతో సహా వచ్చేలా కొన్ని వెంట్రుకలు ఒక్క గుంజు గుంజింది. జన్యు పరీక్షకని వాటిని కవర్లో పెట్టి, "దీని తల్లివి కూడా పీకు" అంది.

"తల్లివెందుకు? అది మా నాన్న తెచ్చిన సంతతి. లోపం ఉంటే మగ గుర్రంలో ఉండాలి."

"ఆ మగ గుర్రానికి పరీక్ష చేయించాకే కదా దాటించావు?"

"చేయించాను. ఏ లోపమూ లేదన్నారు."

"ఇంకేం మరి? మీరంతా మగవాటికి కాగితాలు చూసుకుని మురిసిపోతారు. ఆడదాని జూలు పీకిన పాపాన ఎవడూ పోడు, అది నాన్నగారి సంతతి అని. పీకు."

లోర్నా పచ్చికలోకి వెళ్ళి తల్లి గుర్రం జూలు పీకుకొచ్చింది.

ఆ పై రోజులు ఆమె జీవితంలో ఎన్నడూ ఎరగనివి. టాన్సీ పడుకుంటే లేవలేకపోయేది. ముందు కాళ్ళు చాపి, వెనక తుంటి ఎత్తబోయి, వణికి, కూలబడేది. లోర్నా గడ్డి మోపులు దొర్లించుకొచ్చి పక్కన అండగా పేర్చేది, పిల్ల భుజం కింద తన భుజం పెట్టి ఎత్తేది. ఒకే పక్క పడుకుంటే పుండ్లు పడతాయని నాలుగు కాళ్ళూ పట్టుకుని తిప్పేది. యుసేబియో ఇలాంటి పనులన్నీ ఎప్పుడు చేసేవాడో, ఎలా చేసేవాడో ఆమె ఏనాడూ నిలబడి చూడలేదు. దాణా బొక్కెన చప్పుడు కాగానే పిల్ల చెవులు నిక్కబొడుచుకునేది. తలుపు వంక చూసేది. వచ్చింది లోర్నా అని తెలిశాక చెవులు వాలిపోయేవి. తినడం తినేది గాని, ఆ చెవులు వాలడం చూడలేక ఆమె మొహం తిప్పుకునేది.

మెల్లగా మందు పని చేసింది. కరగడం ఆగింది. ఒక పొద్దున లోర్నా వచ్చేసరికి టాన్సీ తనంతట తనే లేచి నిలబడి ఉంది. లోర్నా గది గుమ్మంలో చతికిలబడి ఏడ్చింది.

ఫోన్ వచ్చేసరికి ఆమె బొక్కెనలు కడుగుతోంది.

"ఉంది" అంది రూత్. "పిల్లకి ఉంది. తల్లికీ ఉంది. మీ నాన్న తెచ్చిన సంతతే."

లోర్నా బొక్కెన బోర్లించింది. "అయితే యుసేబియో..."

"యుసేబియో ఏమీ చెయ్యలేదే తల్లీ. ఆదివారం కొట్టంలోనే ఉన్నా కరిగేది, గుర్రం పక్కనే పడుకున్నా కరిగేది."

ముందుగా దాణా కొట్టుకే వెళ్ళింది. డబ్ అక్కడే ఉన్నాడు, వేరే చోట ఎప్పుడుంటాడు గనక. అందరూ వినేలా చెప్పింది, తప్పు తనదేనని, లోపం తన గుర్రాల రక్తంలోనే ఉందని. ఆ మాట చెప్పడానికి ఆమెకి ఎంత కష్టమైందో మాకు తెలుసు. ఆమె ఓడిపోయినట్టు ఒప్పుకోవడం మేమెవ్వరం అంతకు ముందు వినలేదు.

డబ్ మెడ గోక్కున్నాడు. "అలాగా. మరి నేను నలుగురికీ చెప్పేశానే. నా దగ్గరకి పనికొచ్చాడు కూడా. గుర్రాల దగ్గర నిన్ను పెట్టుకోలేనయ్యా అని పంపేశాను. మిగతావాళ్ళూ అంతే అన్నారట. ఇప్పుడు మాంసానికి మేపే ఎడ్ల దొడ్లో నీళ్ళ తొట్లు కడుగుతున్నాడు."

"ఆ నలుగురికీ ఇది కూడా చెప్పు."

"చెబుతాలే" అన్నాడు డబ్. ఎంత నెమ్మదిగా అన్నాడంటే, ఈ కబురుకి మొదటిదానికున్నన్ని కాళ్ళు ఉండవని లోర్నాకి అప్పుడే అర్థమైంది.

తప్పు దిద్దుకోవాలంటే ఆ మనిషి ఎదటే నిలబడాలి అనుకుంది. వట్టి మాటలు నమ్మడేమోనని, పిల్ల వెన్ను మళ్ళీ నిండేదాకా ఆగింది. ఆగకుండా ఉండాల్సిందని తరవాత రూత్‌తో అంది గాని, అప్పుడు ఆమెకి అదే సబబనిపించింది. వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముక తగలనంత అయ్యాక, టాన్సీని ట్రైలర్లో ఎక్కించుకుని ఎడ్ల దొడ్డికి బయలుదేరింది.

దొడ్లో వేల ఎడ్లు, మోకాటి లోతు బురద, ముక్కు పగిలే కంపు. యుసేబియో రబ్బరు బూట్లతో, చేతిలో గొట్టంతో తొట్టి పాచి కడుగుతున్నాడు. ఆమెని చూసి నీళ్ళు కట్టేసి, టోపీ తీసి వచ్చాడు. చిక్కిపోయాడు.

"బాగున్నారా పట్రోనా?"

"తప్పు నాది" అంది లోర్నా. దారంతా పేర్చుకున్న మాటలు అన్నీ ఎగిరిపోయాయి. "నువ్వేం చెయ్యలేదు. వెంట్రుకలు పీకి పరీక్ష చేయించాం. పిల్ల కండలోనే లోపం ఉంది, తల్లి నుంచి వచ్చింది. నేను వేసిన టీకాతో అది లేచింది. నీ చేతుల్లో ఏ దోషమూ లేదు. అందరి ముందూ చెప్పాను."

యుసేబియో మర్యాదగా విన్నాడు. "పరీక్షలో అలా వచ్చిందాండి" అన్నాడు.

"వచ్చింది."

"కానీ ఆదివారం నేను వదిలేసి వెళ్ళిన మాట నిజమే కదండీ."

"దానికీ దీనికీ సంబంధం లేదయ్యా!"

"ఏమోనండి. ఆ రోజు నుంచి అదే తలుచుకుంటున్నాను. గడ్డి తక్కువ వేశానేమో. వెళ్ళాలన్న తొందరలో నీళ్ళు సగమే నింపానేమో. ముందు నింపాననే అనుకున్నాను. తలుచుకునే కొద్దీ సగమే కనబడుతోంది." అడగడానికి భయపడుతున్నట్టు అడిగాడు. "పిల్ల పోయిందా అండీ?"

"పోవడమేంటి! నువ్వే చూసుకో."

ట్రైలర్ పక్క కిటికీ రెక్క దించింది. టాన్సీ తల బయటికి పెట్టింది. ఆ కంపులో కూడా దానికి అతని వాసన తెలిసింది. సకిలించింది. ఇన్ని రోజుల్లో లోర్నా ఆ సకిలింపు ఒక్కసారి కూడా వినలేదు.

యుసేబియో గబగబా వచ్చాడు. చేతులు రెండూ పైకి లేచాయి. దాని మూతికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. అతను ఆ చేతుల్ని వెనక్కి తీసుకుని, నడుం వెనక ఒకదాంతో ఒకటి పట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"లేచిందమ్మా" అన్నాడు ఆకాశం వంక చూసి. "నిజంగానే లేపావు."

"సోమవారం నుంచి వచ్చెయ్" అంది లోర్నా. "దీన్ని నువ్వే చూసుకో. అన్నిటినీ నువ్వే చూసుకో. నేను నోరెత్తను."

"రాలేనండి."

"నా మీద కోపమా? ఉండాల్సిందే. తిట్టు, పడతాను."

"అయ్యో, కోపం కాదండీ. మొక్కుకున్నాను." అతను సిగ్గుపడుతున్నట్టు తలవంచుకున్నాడు. "ఆ రోజు మీ దగ్గర్నుంచి తిన్నగా చర్చికి వెళ్ళాను. ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకున్నాను, నా మనవరాలి వేడుక కోసం నోరులేని పిల్లని మాడ్చానని. ఆ తరవాత గ్వాదలూపే మాత విగ్రహం ముందు మోకరించాను. ఈ చేతులు మంచివి కావు తల్లీ, ఆ పిల్లని లేపు, ఇంకెప్పుడూ గుర్రం మీద చెయ్యి వెయ్యను అన్నాను. పిల్ల పోయి ఉంటే మొక్కు లేదు. లేచింది గదండీ."

లోర్నాకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు పెంచింది.

"చెయ్యని పాపానికి మొక్కేంటయ్యా? అది చెల్లదు."

"నేనడిగాను. ఆవిడ ఇచ్చింది."

"ఇచ్చింది రూత్! మందు ఇచ్చింది!"

"ఆ మందు ఎవరు ఇప్పించారో మనకేం తెలుసండీ" అన్నాడు యుసేబియో. నవ్వాడు కూడా.

"ఫాదర్‌తో నేను మాట్లాడతాను. అబద్ధం చెప్పింది నేనని, నువ్వు నమ్మావని చెబుతాను. ఆయన నీ మొక్కు విప్పేస్తారు."

"విప్పితే విప్పుతారేమో. కానీ పట్రోనా, నేను మాట వెనక్కి తీసుకుంటే, ఆవిడ పిల్లని వెనక్కి తీసుకుంటే?"

ఆ లోపం టాన్సీ ఒంట్లో చచ్చేదాకా ఉంటుందని, మళ్ళీ ఏ జ్వరానికైనా లేవచ్చని రూత్ చెప్పింది. ఆ సంగతి ఈ మనిషికి ఎలా చెబుతుంది? చెబితే, ఎప్పటికీ రాడు. చెప్పకపోయినా రాడు. అన్న మాటను గొంతులోకి వెనక్కి లాక్కోగలిగితే, తన నాలుక తెగ్గోసి అయినా లాక్కునేది ఆ క్షణాన.

టాన్సీ ఇంకా మెడ చాచి మూతిని అతని వైపు పెడుతూనే ఉంది. చేతులు రాకపోయేసరికి ట్రైలర్ అంచుకి తల రుద్దుకుంది.

"దురదండి దానికి" అన్నాడు యుసేబియో. "జూలు కింద గోకితే ఊరుకుంటుంది. మీరు గోకండి."

లోర్నా చెయ్యి పెట్టి గోకింది.

"అక్కడ కాదండి. ఇంకాస్త పైకి. చెవి వెనక్కి. గోళ్ళతో కాదు, వేళ్ళ చివర్లతో."

ఆమె వేళ్ళు పైకి జరిపింది. టాన్సీ పై పెదవి వంకరగా సాగి వణికింది, కళ్ళు సగం మూసుకుంది. ఆ సగం మూసిన కళ్ళతో కూడా అది చూస్తున్నది అతన్నే. అతను చేతులు వెనక్కి పట్టుకుని, అడుగు దూరంలో నిలబడి, ఇంకా చెబుతున్నాడు, "ఆఁ, అక్కడే. ఆపకండి పట్రోనా, ఇంకాసేపు" అని.